నాకు చెప్పలేదు మేడం

కరోనా వార్డులు ఎత్తేసిన తర్వాతి ఏడాది, వానాకాలం. మానుకోటకు దగ్గర్లో ఒక చిన్న క్రైస్తవ మిషన్ దవాఖానలో నేను స్టాఫ్ నర్సును. మానుకోట అంటే మహబూబాబాదే, మా దిక్కు ఎవరూ పూర్తి పేరు పలకరు. లేబర్ రూమ్‌లో, అంటే కాన్పుల గదిలో, అప్పటికి నాది పదహారేళ్ళ సర్వీసు. సొంతూరు జనగామ. మా నాయిన అక్కడి చర్చి సంఘంలో పెద్ద. చిన్నప్పటి నుంచి ఆదివారం తప్పకుండా గుడికి పోయినదాన్ని, పాట ఎత్తుకునేదాన్ని. పాపం, పశ్చాత్తాపం, మారుమనస్సు అనే మాటలు నా నోట్లో నానినంతగా ఇంకెవరి నోట్లోనూ నానలేదనుకునేదాన్ని.

నర్సులు తమ కేసుల గురించి రాసేటప్పుడు తాము ఎవరినో కాపాడిన సంగతి రాస్తారు. నాకూ అట్లాంటివి ఉన్నాయి. అయితే నేను మరిచిపోలేని కేసు అట్లాంటిది కాదు.

ముందు స్వరూప గురించి చెప్పాలి. దంతాలపల్లి పిల్ల, వ్యవసాయం చేసుకునే ఇల్లు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. మా దవాఖానలో చేరినప్పుడు కాన్యులా, అంటే నరంలో పెట్టే సన్నటి గొట్టం, పెట్టాలంటే చేతులు వణికేవి. చేయి పట్టుకొని నేర్పింది నేను. రెండేళ్ళు తిరగకుండానే, నరం దొరకని మనిషి ఎవరొచ్చినా "స్వరూపను పిలువండి" అనే మాట మొదలైంది. మొదట్లో గర్వంగానే ఉండేది. తర్వాత ఆ పేరు వినబడితే పండ్లు బిగుసుకునేవి.

ఊళ్ళ నుంచి వచ్చే గర్భిణులు లోపలికి అడుగు పెడుతూనే "ఆ నవ్వే సిస్టర్ ఉన్నదా?" అని అడిగేవాళ్ళు. ఆమె పక్క గదిలోనే ఉన్నా, డ్యూటీలో లేదని నేను ఒకటి రెండుసార్లు చెప్పాను. వాళ్ళ ముఖాలు చిన్నబోవడం చూసి ఇంకా మండేది. పదహారేళ్ళలో నన్ను అట్లా అడిగినవాళ్ళు లేరు. నేను పని బాగా చేసేదాన్ని, తప్పులు చేసేదాన్ని కాదు, డ్యూటీకి ఆలస్యంగా వచ్చేదాన్ని కాదు. అయినా మనుషులకు ఆమే కావాలి.

మా దగ్గర పొద్దున ఎనిమిదింటి డ్యూటీకి ముందు చాపెల్‌లో, అంటే దవాఖాన లోపలి ప్రార్థన మందిరంలో, ప్రార్థన ఉంటుంది. నా డ్యూటీ ఏ వేళకున్నా పాట నేనే ఎత్తుకునేదాన్ని. స్వరూప క్రైస్తవురాలు కాదు. బొట్టుతోనే వచ్చి చివరి బెంచీలో చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. ఒకరోజు ప్రార్థన అయిపోయాక మా పెద్ద డాక్టరమ్మ అందరి ముందూ ఒక మాట అన్నది. "మనం ప్రేమ గురించి రోజూ పాడుతున్నం. ప్రేమ అంటే ఏందో చూడాలంటే స్వరూప డ్యూటీలో ఉన్నప్పుడు లేబర్ రూమ్‌కు పోండి." అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. పాటల పుస్తకం మూసే చేయి మాత్రం ఆగిపోయింది. పాడింది నేను, పేరు ఆమెకు.

ఆ వానాకాలంలో లేబర్ రూమ్‌కు కొత్త ఇన్‌ఛార్జిని వేయాల్సి వచ్చింది. ఇన్‌ఛార్జి అంటే ఆ గదిలో పనిచేసే సిస్టర్లందరికీ పెద్ద. ముందు బయటి రాష్ట్రంలో ఆరు వారాల ట్రైనింగ్ ఉంటుంది. ఆ కుర్చీ నాదేనని నాకే కాదు, వార్డు ఆయాలకు కూడా తెలుసు. ఒక మంగళవారం పొద్దున ప్రార్థన తర్వాత మేట్రన్, అంటే నర్సులందరి మీదా అధికారి, పేరు చదివింది. స్వరూప.

అదే రోజు మధ్యాహ్నం రెండింటికి నా డ్యూటీ మొదలైంది.

మూడో బెడ్ మీద రజిత అనే అమ్మాయి ఉన్నది. కొత్తగూడ అవతల అడవి అంచున పోడు చేసుకునే కుటుంబం. తొలిసూరు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే ప్రీ-ఎక్లాంప్సియా అంటాం. బీపీ ఇంకా పెరిగితే ఫిట్స్ వస్తాయి. తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు మంచం దగ్గర నిలబడి పేషెంట్ సంగతి అప్పజెప్పడాన్ని మేము ఓవర్ ఇవ్వడం అంటాం. తర్వాత అదే ఓవర్ బుక్‌లో రాయాలి. స్వరూప నన్ను మూడో బెడ్ దగ్గరికి తీసుకుపోయి ఓవర్ ఇచ్చింది.

"అక్క, పొద్దున బీపీ నూట నలభై ఉండె. ఇప్పుడు నూట యాభై ఆరు, కింద నూట నాలుగు. ఒంటిగంట సంది తలకాయ నొస్తున్నదంటున్నది, కండ్ల ముందు మెరుపులొస్తున్నయంటున్నది. డాక్టరమ్మ ఆపరేషన్ థియేటర్‌ల ఉంటే పోయి చెప్పిన. పావుగంటకోసారి చూడుమన్నది, నూట అరవై దాటితె వెంటనే పిలువుమన్నది. అవతల కాన్పు అయితున్నది, అది చూసుకొని వచ్చి బుక్‌ల రాస్త. జర ముందు ఈమెను చూడక్క."

సరే అన్నాను. రజిత స్వరూప కొంగు పట్టుకున్నట్టు ఆమె కోటు అంచు పట్టుకున్నది. "నువ్వు పోకు సిస్టర్. నువ్వుంటె ధైర్నం."

"సుగుణక్క నాకన్న పెద్ద సిస్టర్. నాకు నేర్పిందే ఈమె. ఏం భయం లేదు," అన్నది స్వరూప.

ఆ మాట కూడా నాకు ముల్లులాగే గుచ్చుకున్నది. నా గురించి ఈమె చెప్తే గానీ నాకు విలువ రాదా అనిపించింది.

అవతల పుట్టిన బిడ్డ ఏడవలేదు. స్వరూప ఆ బిడ్డను ఎత్తుకొని శిశువుల గదికి ఉరికింది. ఆ కంగారులో బుక్‌లో రాయడం మరిచిపోయి, తర్వాత అట్నుంచి అటే హాస్టల్‌కు పోయింది. ఆమె తప్పు ఏమన్నా ఉంటే అదొక్కటే.

నేను మూడో బెడ్ దగ్గరికి పోలేదు. స్టోర్ బీరువా తెరిచి గ్లౌజుల డబ్బాలు సర్దాను. సీసాల మీద లేబుళ్ళు కనబడేటట్టు ముందుకు తిప్పి పెట్టాను. ఈ స్వరూప చిన్నదానికీ పెద్ద హడావిడి చేస్తది అని మనసులో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా కాదు. నువ్వు పోకు అని ఆమె కోసం ఏడ్చిన మనిషి దగ్గరికి నేను పోవాలా అన్నదే నా లోపల ఉన్న మాట. నలభై నిమిషాలు అట్లా గడిచాయి.

ఆయా ఉరికొచ్చి చెప్పింది. "సిస్టర్, మూడో బెడ్ మనిషి కొట్టుకుంటున్నది."

ఫిట్స్. ఆ తర్వాత నా చేతులు వాటి పని అవి చేశాయి. పక్కకు తిప్పడం, ఆక్సిజన్, ఫిట్స్ ఆపే మాగ్‌సల్ఫ్ ఇంజక్షన్. డాక్టరమ్మ వచ్చి ఆపరేషన్ చేసి ఆడపిల్లను బయటికి తీసింది. బిడ్డ రెండు రోజులు శిశువుల గదిలో ఉన్నది. రజితకు మరునాడు రాత్రికి తెలివి వచ్చింది, నాలుగో రోజు లేచి కూర్చున్నది. ఇద్దరూ బతికారు. బతకకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు.

మరునాడు మేట్రన్ గదిలోకి మా ఇద్దరినీ పిలిచారు. ఓవర్ బుక్ బల్ల మీద తెరిచి ఉన్నది. మూడో బెడ్ ఎదురుగా ఖాళీ.

"నోటితోనైనా చెప్పినవా?" అని మేట్రన్ స్వరూపను అడిగింది.

"చెప్పిన మేడం. మంచం దగ్గర నిలబడి చెప్పిన."

మేట్రన్ నా వైపు తిరిగింది. ఒక ఊపిరి తీసుకునేంత సమయం ఉన్నది నాకు.

"నాకు చెప్పలేదు మేడం," అన్నాను.

స్వరూప నన్ను చూసింది. కోపం కాదు, అర్థం కానట్టు చూసింది. పదహారేళ్ళ సర్వీసు ఉన్న, చాపెల్‌లో పాట ఎత్తుకునే మనిషి మాటకూ, రాయడం మరిచిపోయిన చిన్నదాని మాటకూ మధ్య ఏది నమ్మాలో ఆ గదిలో ఎవరికీ సందేహం రాలేదు. ఆమెకు మెమో ఇచ్చారు, అంటే రాతపూర్వకంగా తప్పు నమోదు చేశారు. భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ దిక్కు మా మిషన్‌కు చిన్న క్లినిక్ ఒకటి ఉండేది. అక్కడికి పంపేశారు. ట్రైనింగ్‌కు నన్ను పంపారు. తిరిగొచ్చి ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్నాను.

అనుకున్నంత హాయి లేదు. వచ్చినవాళ్ళు ఇంకా "ఆ నవ్వే సిస్టర్ ఏది?" అనే అడుగుతున్నారు. ఇంటికి పోయి మోకాళ్ళ మీద ఏడ్చి, ప్రభువా క్షమించు అని ప్రార్థన చేసేదాన్ని. ఏడ్చాక మనసు తేలికయ్యేది. తేలికైంది కాబట్టి క్షమాపణ దొరికిందనుకునేదాన్ని. రెండు రోజులకు మళ్ళీ బరువు. మళ్ళీ ఏడుపు. ఇదే పశ్చాత్తాపం అనుకున్నాను.

ట్రైనింగ్ నుంచి వచ్చిన కొన్నాళ్ళకు రజిత వచ్చింది, బిడ్డకు టీకాల కోసం, అత్తను వెంటబెట్టుకొని. సంచిలోంచి తేనె సీసా తీసింది. అడవి తేనె, మూతకు గుడ్డ కట్టి ఉన్నది.

"స్వరూప సిస్టర్ ఏది? ఆమెకని తెచ్చిన."

"బదిలీ అయింది."

"అయ్యో. ఎప్పుడన్న కలిస్తె ఇయ్యి సిస్టర్." సీసా నా చేతిలో పెట్టింది. తర్వాత బిడ్డను భుజం మార్చుకుంటూ మామూలుగా అన్నది. "ఆ పొద్దు ఆమె నీకు చెప్పింది గదా, పావుగంటకోసారి చూడుమని. నేను ఇన్న. తలకాయ పగిలిపోతుంటె నీకోసం తలుపు దిక్కు చూసుకుంట పండుకున్న. నీకు ఎన్ని పనులున్నయో అనుకున్న. తర్వాత ఏమైందో నాకు యాది లేదు."

ఆమె గొంతులో నింద లేదు. విచారణలో ఆమెను ఎవరూ అడగలేదు, అప్పటికి తెలివి రాని మనిషి కదా అని. నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయాను. తేనె సీసాను నా బీరువాలో పెట్టి తాళం వేశాను. అది స్వరూపకు చేర్చవలసింది. రెండు వారాలు చేర్చలేదు. ఎక్కడో మహదేవపూర్‌లో ఉన్నా ఈమెకు తేనె వస్తున్నది, నాకెవరు తెచ్చారు అని ఆ సీసా చూసినప్పుడల్లా అనిపించేది. అప్పుడు నా మీద నాకే భయం వేసింది. ఇంత ఏడ్చాను, ఇంత ప్రార్థన చేశాను, లోపలిది ఏమీ కదల్లేదు.

మా దవాఖాన చాప్లిన్, అంటే రోగుల దగ్గర ప్రార్థన చేసే పాస్టరు, యేసుపాదం అయ్యగారు. ముసలాయన, తక్కువ మాట్లాడతాడు. ఒక మధ్యాహ్నం చాపెల్‌లో ఆయనకు అంతా చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను.

"ఎవరికి అన్యాయం చేసినవు బిడ్డా?" అన్నాడు.

"దేవునికి. స్వరూపకు."

"ఇంకా?"

"ఇంకెవరున్నరు అయ్యగారూ?"

"మంచం మీద పండుకొని తలుపు దిక్కు చూసిన మనిషిని మరిచిపోయినవు," అన్నాడు. "దేవుని దగ్గర ఏడ్చినవు, మంచిదే. కానీ కానుక తెచ్చినోళ్ళు కూడా, తమ వల్ల ఒకరికి బాధ కలిగిందని యాదికొస్తే, కానుకను అక్కడ్నే విడిచి ముందుగాల వాళ్ళ దగ్గరికి పోవాలని ప్రభువు చెప్పిండు. నువ్వు రోజూ కానుక తెస్తున్నవు, వాళ్ళ దగ్గరికి పోతలేవు. తప్పు చేసినందుకు బాధపడుడు ఒకటి. చేసిన తోవ నుంచి వెనుకకు మర్లుడు ఒకటి. మారుమనస్సు అంటే మర్లుడు. నువ్వు ఇంకా మర్లలేదు."

సెలవు రోజు చూసుకొని బస్సెక్కాను. భూపాలపల్లిలో దిగి మహదేవపూర్ బస్సు పట్టుకున్నాను. ఒళ్ళో తేనె సీసా. దారి పొడుగూతా స్వరూపను ఊహించుకున్నాను. చిక్కిపోయి ఉంటది, ఒంటరిగా ఉంటది, నన్ను చూసి ఏడుస్తది, నేను దగ్గరికి తీసుకుంటా అని. క్లినిక్ ముందు నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు కాళ్ళకు బురదతోనే అరుగు మీద కూర్చొని ఉన్నారు. లోపల స్వరూప ఒక ముసలామె వేలికి సూది గుచ్చి రక్తం చూస్తూ ఏదో అంటున్నది, అందరూ నవ్వుతున్నారు. మా స్వరూపమ్మ అని ఒకామె పక్కామెతో అంటున్నది. వాకిట్లో నిలబడ్డ నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. మంట. ఇక్కడ కూడా ఈమేనా అనిపించింది. క్షమాపణ అడగడానికి వచ్చిన మనిషిని నేను.

జనం పోయాక చెప్పాను. ఆమె సూదుల ట్రే సర్దుతూనే విన్నది.

"నువ్వు చెప్పింది నేను ఇన్న స్వరూపా. కావాలనే పోలేదు. మేట్రన్ ముందట అబద్ధమాడిన."

"నాకు తెలుసక్క," అన్నది. "నేను చెప్పిన సంగతి నాకు తెల్వదా? నాకు చెప్పుడుకు ఇంత దూరం వచ్చినవా? తెల్వంది వాళ్ళకు. వాళ్ళకు చెప్పినవా?"

"ముందు నువ్వు క్షమించినవని..."

"అది ఇప్పుడు అడుగకు." ట్రే మీద గుడ్డ కప్పింది. "మా నాయిన ఊళ్ళె ఎవరన్న అడిగితె, నా బిడ్డను అడివి కాడికి ఎందుకు పంపిన్రో నాకు తెల్వదంటున్నడట. ఎందుకు చేసినవక్క?"

"నీ మీద కుళ్ళు."

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "నా మీదనా? సూది గుచ్చుడు నీ దగ్గర్నే నేర్చుకున్న గదా," అన్నది. అప్పుడు ఆమె కండ్లల్లో నీళ్ళు తిరిగాయి. నేను దగ్గరికి పోబోతే ఒక అడుగు వెనక్కి వేసింది. తేనె మాత్రం తీసుకున్నది.

తిరిగొచ్చి డాక్టరమ్మకు ఉత్తరం రాశాను. మొదటిసారి రాసింది యేసుపాదం అయ్యగారికి చూపించాను. "పని ఒత్తిడిలో ఓవర్ సంగతి మరిచిపోయాను, దాని వల్ల పొరపాటు జరిగింది" అని ఉన్నది అందులో. ఆయన కండ్లద్దాలు తీసి, "ఇది సంజాయిషీ బిడ్డా. ఒప్పుకోలు కాదు," అన్నాడు. మరిచిపోలేదు కదా నేను. రెండోసారి రాసిన దాంట్లో స్వరూప కూడా బుక్‌లో రాయలేదని ఒక వాక్యం చేరింది. అది నేనే చింపేశాను. మూడోసారి నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆమె నాకు చెప్పింది. నేను వెళ్ళలేదు. చెప్పలేదని అబద్ధం ఆడాను. ఆమె మీద అసూయతో ఇదంతా చేశాను. నా జీవితంలో అంత కష్టపడి రాసినది ఇంకొకటి లేదు.

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. నన్ను తిట్టలేదు. "వారం లోపల నిర్ణయం చెప్తాను. రజితకు మాత్రం నువ్వే చెప్పాలి, నేను పక్కన ఉంటాను," అన్నది.

రజిత తర్వాతి టీకాకు భర్తతో వచ్చినప్పుడు డాక్టరమ్మ గదిలో చెప్పాను. భర్త కుర్చీలోంచి లేచాడు. నా పెండ్లాం సస్తుంటె నువ్వు సీసాలు సర్దుకున్నవా అని అరిచాడు. అవునన్నాను. అంతకుముందు, నీకు ఎన్ని పనులున్నయో అనుకున్న అని నా తరఫున తనే సర్దిచెప్పుకున్న రజిత, బిడ్డను నా వైపు నుంచి అవతలి భుజానికి మార్చుకున్నది.

నా ఇన్‌ఛార్జి పదవి తీసేశారు. నాకు మెమో వచ్చింది, లేబర్ రూమ్ నుంచి ఇంజక్షన్ గదికి మార్చారు. మధ్యాహ్నం నాతో కలిసి అన్నం తినే సిస్టర్లలో సగం మంది వేరే బల్లకు మారారు. స్వరూపను వెనక్కి పిలిపించి, చాపెల్‌లో అందరి ముందూ మేట్రన్ ఆమెకు క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత ఆమె ఇన్‌ఛార్జి అయింది. రజిత బిడ్డను తీసుకొని వచ్చినప్పుడు కిటికీలోంచి నన్ను చూసి, వేరే సిస్టర్ వచ్చేదాకా బయటే కూర్చునేది. ఇప్పటికీ నా దగ్గరికి రాదు. ఆమె నన్ను క్షమించాలని అడిగే హక్కు నాకు లేదు. ఆ పిల్ల ఇప్పుడు నడుస్తున్నది. దూరం నుంచి చూస్తాను.

ఏడాది తర్వాత నన్ను మళ్ళీ లేబర్ రూమ్‌లోకి తీసుకున్నారు. స్వరూప కింద పని. మొదట్లో పని మాటలే ఉండేవి. పోయిన నెల, మా నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి ఆమెను తీసుకున్నారని చాపెల్‌లో చదివారు. నాకు కడుపులో మళ్ళీ అదే మంట. ఈసారి నేను స్టోర్ బీరువా దగ్గరికి పోలేదు. నేరుగా ఆమె దగ్గరికి పోయాను.

"స్వరూపా, నాకు మళ్ళా మండుతున్నది," అన్నాను.

ఆమె కేస్ షీట్ మీద నుంచి తల ఎత్తింది. నొప్పి ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి పేషెంట్లను సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పమంటాం. అదే గొంతుతో అడిగింది. "పదిలో ఎంతక్క?"

"ఏడు."

"అప్పుడు, ఆ మంగళవారం?"

"పది దాటింది."

"తగ్గుతున్నది," అన్నది, కుర్చీ నా వైపు జరుపుతూ. "కూసో. చాయ్ తాగుదం."

అసూయ చచ్చిపోతేనే మారినట్టని నేను అనుకునేదాన్ని. అది చచ్చిపోవాలని ఎదురుచూస్తూ నా గదిలో కూర్చొని ఏడ్చాను, ఆ ఏడుపు వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. మా నాయిన సంఘంలో వంద సార్లు విన్న మారుమనస్సు అనే మాటకు అర్థం నాకు మూడో బెడ్ వల్ల తెలిసింది. అది లోపల కలిగే ఒక భావం కాదు. లేచి, ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ దాకా కాళ్ళతో నడవడం. వాళ్ళు కూర్చోమంటారో, మొహం తిప్పుకుంటారో అది వాళ్ళ ఇష్టం. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలకు నేను ఈ సంగతి దాచకుండా చెప్తాను. నీ మనసు ఎట్లన్న ఉండనీ బిడ్డా, పేషెంట్ మాత్రం ఎదురుచూస్తున్నది, ముందు పో అంటాను.